ఫ్యూచురా ఫాంటులో 'ఏ' (A) అక్షరం మొన గీత దాటి పైకి వస్తోంది, షాపువాళ్ళు కోసేశారు. ఎవరిది రైటు?

బెజవాడ_గీతలు
ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసుకి బోర్డు చేస్తున్నాను. పేరు మొత్తం ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ఫ్యూచురా మీడియంలో పెట్టాను. పేరులో రెండు ఏలు (A), ఒక ఎన్ (N), ఒక వీ (V) ఉన్నాయి. డిజైన్ ఓకే అయ్యాక స్టీలు అక్షరాలు చేసే షాపుకి ఫైలు పంపాను. అక్షరాలు చేతికొచ్చాక చూస్తే ఏ మొనలు, ఎన్ మొనలు, వీ అడుగు అన్నీ సమంగా కోసేసి ఉన్నాయి! అడిగితే "మీ ఫైలులో ఏ (A) అక్షరం ఈ (E) కంటే ఎత్తుగా వచ్చింది మేడమ్, వీ కిందకి జారింది, మేమే సరిచేశాం" అన్నారు. ఓనరుగారు స్కేలు పెట్టి కొలిచి, షాపువాళ్ళదే రైటంటున్నారు.

కొలతకి సమంగానే ఉన్నాయి. కానీ దూరం నుంచి చూస్తే ఏలు రెండూ కుంగిపోయినట్టున్నాయి. మొన గీత దాటడం ఫాంటులో లోపమా, కావాలని పెట్టిందా? ఓనరుగారికి ఎలా నచ్చజెప్పాలి? ఇంకోటి, పేరు కింద తెలుగులోనూ అదే పేరు రావాలి. ఫ్యూచురా పక్కన ఏ తెలుగు ఫాంటు నప్పుతుంది?

అక్షరయాత్ర
కావాలని పెట్టిందే. దాన్ని ఓవర్‌షూట్ అంటారు. ఈ, హెచ్, టీ లాంటి అక్షరాలకి తల చదునుగా ఉంటుంది కాబట్టి పై గీత వెంట అవి బాగా పరుచుకుంటాయి. ఏ (A) అక్షరం మాత్రం ఒక్క బిందువు దగ్గరే గీతని తాకుతుంది. ఆ బిందువు దగ్గర నలుపు దాదాపు ఉండదు, కన్ను దాన్ని లెక్కలోకి తీసుకోదు. చెక్కిన పెన్సిలూ చెక్కని పెన్సిలూ ఒకే పొడవువి పక్కపక్కన నిలబెట్టి చూడండి, చెక్కింది పొట్టిగా కనిపిస్తుంది. అందుకని గీసేవాళ్ళు మొనని గీత దాటించి పైకి లాగుతారు. అప్పుడే కంటికి సమంగా ఉంటుంది.

ఓనరుగారిని ఓ (O) అక్షరం కూడా కొలవమనండి. అది పైనా దాటుతుంది, కిందా దాటుతుంది. ఓ కంటే ఏ మొన ఇంకా ఎక్కువ దాటుతుంది, మొన గుండ్రని అంచుకంటే సన్నం కాబట్టి. అన్ని మంచి ఫాంట్లలోనూ ఇది ఉంటుంది. ఫ్యూచురాలో మొనలు మరీ పదును, కాబట్టి కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కోనసీమ_కర్వ్
+1. స్కేలుతో కాదు, రోడ్డు అవతల నిలబడి చూడమనండి.

స్టీల్_రమణ
మాది ఇదే పని. చెప్పకుండా కోయడం తప్పే, కానీ షాపువాళ్ళు ఊరికే కోయరు. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) లెటర్ అంటే ముందు ఫేసు రేకు, చుట్టూ పక్కరేకు. ఏ మొన సన్నగా ఉంటే పక్కరేకు అంత ఇరుగ్గా మడత పడదు. రెండు ముక్కలు చేసి వెల్డింగ్ పెట్టాలి, గ్రైండింగ్ చేయాలి, పాలిష్ పట్టాలి. వేడికి అక్కడే రంగు మారుతుంది, ముక్కు వంకరపోతుంది. ఇక అక్షరం లోపల ఎల్ఈడీ ఉంటే ఇంకో తలనొప్పి. మాడ్యూల్ మొనలోకి పట్టదు, అక్షరమంతా వెలిగి కొన మాత్రం నల్లగా ఉండిపోతుంది. అప్పుడు తిట్లు మాకే.

మేడమ్, మీ అక్షరం ఎత్తెంత? లైటు ఉందా?

బెజవాడ_గీతలు
12 అంగుళాలు రమణగారూ. లైటు ముందుకి రాదు, అక్షరం వెనక నుంచి గోడ మీద పడేలా పెడుతున్నాం.

స్టీల్_రమణ
అయితే మొన నిక్షేపంగా ఉంచొచ్చు. వెనక లైటుకి కొన చీకటి అనే బాధ పెద్దగా లేదు. ఒక పని చేయండి. మొనని సూదిలా కాకుండా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పుకి మొద్దు చేయండి, ఎత్తు మాత్రం తగ్గించకండి. 12 అంగుళాల అక్షరంలో అది కింద నుంచి ఎవరికీ కనబడదు. వెల్డింగ్ చేసేవాడికి పట్టు దొరుకుతుంది, బిగించడానికి ఎక్కేవాడి చెయ్యీ తెగదు. మీ షాపువాళ్ళు మొద్దు చేయడం పోయి ఎత్తే తగ్గించేశారు, అక్కడ తేడా కొట్టింది.

వంపు_వందన
నేను ఒప్పుకోను. ఇన్ని తిప్పలు పడి ఫ్యూచురాయే ఎందుకు? జ్యామితి లుక్ కావాలంటే అవెనీర్ ఉంది. అందులో ఏ (A) అక్షరం తల చదునుగా ఉంటుంది, కోతకి సుఖం. అడ్రియన్ ఫ్రూటిగర్ 1988లో చేశాడు, ఫ్యూచురా లాంటి జ్యామితి టైపులు చూసి, వాటిని కాస్త మనుషులు చదువుకునేలా మెత్తబరచి. మొనలు ముప్పుతిప్పలు పెట్టే చోట మొనల ఫాంటు పెట్టడం మొండితనం.

అక్షరయాత్ర
వందనగారూ, ఆర్కిటెక్ట్ ఆఫీసుకి ఆ మొనలే కదా అసలు అందం. త్రికోణం, చతురస్రం, వృత్తం ఈ మూడూ ఆ పెద్దక్షరాల్లో నేరుగా కనిపిస్తాయి. అవెనీర్ పెడితే చక్కగా ఉంటుంది కానీ అందరి బోర్డుల్లాగే ఉంటుంది.

డిజైన్_కుర్రాడు
జర్మనీలో ఆ బౌహౌస్ డిజైన్ స్కూలు ఫాంటు కదా ఇది, ఆర్కిటెక్టులకి కరెక్టుగా సరిపోతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్_వాణి
బౌహౌస్ కాదండీ. ఫ్యూచురా పుట్టింది నేనుంటున్న ఈ ఊళ్ళోనే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, బావర్ టైపు ఫౌండ్రీలో, అంటే సీసం అక్షరాలు పోతపోసే కంపెనీలో. గీసింది పాల్ రెన్నర్. 1878లో పుట్టాడు, చిత్రకారుడు, పుస్తకాల రూపకర్త. బౌహౌస్‌లో ఎప్పుడూ పాఠం చెప్పలేదు, అక్కడ చదవనూ లేదు. 1924లో బొమ్మలు మొదలుపెట్టాడు, 1927లో బావర్ వాళ్ళు అమ్మకానికి పెట్టారు.

ఆ రోజుల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్త ఇళ్ళ కాలనీల పెద్ద పథకం నడుస్తోంది, న్యూ ఫ్రాంక్‌ఫర్ట్ అని. ఊరు ఊరంతా సాదా గీతల కట్టడాల మీద మోజులో ఉంది. రెన్నర్ కొన్నాళ్ళు ఇక్కడి కళా పాఠశాలలో పాఠం చెప్పాడు, తర్వాత మ్యూనిక్‌లో ముద్రణ పాఠశాల నడపడానికి వెళ్ళాడు. 1932లో నాజీల సాంస్కృతిక ధోరణిని విమర్శిస్తూ పుస్తకం వేశాడు. 1933లో అరెస్టు చేశారు, ఉద్యోగం పీకేశారు. ఈ టైపు చూసినప్పుడల్లా నాకు ఆ మనిషే గుర్తొస్తాడు.

డిజైన్_కుర్రాడు
వాణిగారూ, బౌహౌస్ వాళ్ళు కూడా వృత్తాలు, గీతలతో అక్షరాలు గీశారు కదా. గాలి అదే అంటున్నాను.

ఫ్రాంక్‌ఫర్ట్_వాణి
గాలి అదే, ఒప్పుకుంటాను. తేడా ఎక్కడంటే, అక్కడివాళ్ళు ఎక్కువగా కాంపాసు, స్కేలుతో గీసి వదిలేశారు. రెన్నర్ మొదటి బొమ్మలూ అలాగే ఉండేవి. చిన్న ఆర్ అంటే నిలువు గీత, పక్కన ఒక చుక్క, అంతే. చిన్న ఏ, జీ కూడా వింత కోణాలతో ఉండేవి. తర్వాత ఫౌండ్రీతో కలిసి కూర్చుని వాటిని చదవగలిగే రూపాలుగా మార్చాడు. పెద్దక్షరాలకి మాత్రం పాత రోమన్ శిలాశాసనాల కొలతలు పట్టుకున్నాడు. ఈ, ఎఫ్, ఎస్ సన్నగా, ఓ, ఎం వెడల్పుగా ఉండటం అక్కణ్ణించే వచ్చింది. కొత్తగా కనిపించే టైపుకి ఎముకలు రెండువేల ఏళ్ళనాటివి.

పాత_కంపోజింగ్
వాణమ్మా, బాగా చెప్పావు. నేను రాజమండ్రిలో లెటర్‌ప్రెస్‌లో చేతి కంపోజింగ్ చేసినవాణ్ణి. ఇంగ్లీషు పెళ్ళి కార్డులకి, లెటర్‌హెడ్లకి ఇలాంటి మొనల టైపు కేసు ఒకటి ఉండేది. మొనలున్న అక్షరాలు ముందు అరిగేవి. ఫారం, అంటే పేర్చిన అక్షరాల చట్రం, బిగించాక పైన చెక్క పెట్టి సుత్తితో తట్టి సమం చేస్తాం కదా, ఏ, డబ్ల్యూ, ఎం కొనలు అక్కడే నలిగేవి. మొన పోయిన ఏ (A) అక్షరం అచ్చులో ఇట్టే దొరికిపోయేది. పక్కవాటితో ఎత్తు కలవనట్టే ఉండేది. గీతలు మేడమ్ చెప్పిన కుంగడం అదే.

కోనసీమ_కర్వ్
ఇలాంటి అనుభవాలు ఇంకా రాయండి బాబాయ్, ఎక్కడా దొరకవు ఇవి.

వెక్టర్_వేణు
డిజైన్_కుర్రాడికి ఒక చిన్న పరీక్ష. ఫ్యూచురాలో పెద్ద ఓ (O) టైపు చేసి, ఉత్త గీతల బొమ్మగా, అంటే కర్వ్స్‌కి మార్చు. దాని మీద సమాన మందంతో అచ్చమైన వృత్తం పెట్టు. కలవవు. అడ్డంగా పోయే భాగం నిలువు భాగం కంటే కాస్త సన్నం. చిన్న ఎన్, బీ, పీలలో వంపు నిలువు గీతని కలిసే చోట ఇంకా సన్నబడుతుంది. అలా చేయకపోతే ఆ మూలలో సిరా పేరుకుని నల్లటి ముద్ద కనిపించేది. చూడ్డానికి కాంపాసు గీత, నిజానికి అంతా కంటి గీత. కోరల్‌డ్రాలో వృత్తమూ గీతా కలిపి లోగో చేసేసి "ఫ్యూచురా స్టైల్" అనేవాళ్ళకి ఇది ఒక్కసారి చూపిస్తే చాలు.

నల్గొండ_ప్లాటర్
నా గోడు ఫ్లెక్సులతో. ఫ్యూచురా ఎం, ఎన్‌లకి బయట తెల్ల అవుట్‌లైన్ పెడితే మూలల్లోంచి ముళ్ళు పొడుచుకొస్తున్నాయి. అవుట్‌లైన్ లావు చేసేకొద్దీ ముళ్ళు పెరుగుతున్నాయి. ఎవరికైనా ఇలా వచ్చిందా?

వెక్టర్_వేణు
అది మైటర్ జాయిన్ వల్ల. రెండు గీతలు ఇరుకు కోణంలో కలిస్తే వాటి బయటి అంచులు చాలా దూరం పోయి కలుస్తాయి, అదే ముల్లు. కార్నర్‌ని రౌండ్ లేదా బెవెల్ చెయ్, లేదా మైటర్ లిమిట్ తగ్గించు. అవుట్‌లైన్ అక్షరం వెనకాల పడేలా పెట్టడం మర్చిపోకు, లేకపోతే మొన లోపలికి తినేస్తుంది.

నల్గొండ_ప్లాటర్
బెవెల్ పెట్టాను, ముళ్ళు పోయాయి. థ్యాంక్స్ అన్నా.

స్టీల్_రమణ
ప్లాటర్ తమ్ముడూ, వినైల్ స్టిక్కరుకి కూడా జాగ్రత్త. చిన్న సైజులో ఏ కొన, డబ్ల్యూ కొన వేస్ట్ పీకేటప్పుడు ఆ చుట్టుపక్కల వేస్టుతోపాటే లేచిపోతాయి. మొన వైపు నుంచి కాకుండా కాళ్ళ వైపు నుంచి మెల్లగా పీకు.

రూటర్ కోతకి (కంప్యూటరు నడిపే, తిరిగే బిట్‌తో కోసేది) ఇంకోటి. సీఎన్‌సీ బిట్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి బయటి మొన పదునుగా వస్తుంది కానీ లోపలి మూల రాదు. 3 మిల్లీమీటర్ల బిట్ వాడితే లోపలి ప్రతి మూలలో ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రం మిగులుతుంది. ఏ (A) అక్షరం లోపలి త్రికోణం చిన్న సైజులో అరటికాయ ముక్కలా అయ్యేది అందుకే. లోపల కూడా పదును కావాలంటే అక్రిలిక్ మీద లేజర్ కోత అడగండి.

స్వాతి_యూఐ
బోర్డుల గురించి మీరంతా చెప్పింది బాగుంది. కానీ ఈ ఫాంటుని చదివే వ్యాసాలకి, యాప్‌లకి వాడేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. ఇంగ్లీషు చిన్న ఏ ఇందులో వృత్తం పక్కన గీత, అంతే. చిన్న సైజులో ఓ లాగా ఉంటుంది. పెద్ద ఐ, చిన్న ఎల్ రెండూ ఉత్త కర్రలే, ఎల్ కాస్త పొడుగు, అదొక్కటే తేడా. పాస్‌వర్డు, ఖాతా నంబరు, కూపన్ కోడ్ ఉన్న చోట ఇది పెట్టకూడదు. మా అమ్మ ఒక బిల్లు యాప్‌లో కోడ్ కొట్టలేక ఎంత అవస్థ పడిందో నేను చూశాను, అక్కడ సమస్య అచ్చంగా ఇదే.

బడిపంతులు_కడప
స్వాతిగారూ, ఒక వైపే చూస్తున్నారు. ఒకటో తరగతి పిల్లలకి చేతితో రాయించే ఏ కూడా వృత్తం పక్కన గీతే. పుస్తకాల్లో గొడుగు ఉన్న ఏ చూసి వాళ్ళు తికమకపడతారు. నేను గోడ చార్టులు ఇలాంటి అక్షరాలతోనే వేయిస్తాను. పెద్ద సైజు, ఒక్కొక్క అక్షరం, చుట్టూ ఖాళీ ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

స్వాతి_యూఐ
గోడ చార్టుకి సరే మాస్టారూ. ప్రశ్నపత్రం ఇందులో కొట్టించకండి, అంతే నా మనవి. బీజగణితంలో ఏ, ఓ, సున్నా కలిసిపోతే పిల్లాడికి మార్కులు పోతాయి.

బడిపంతులు_కడప
అది నిజం, ఒప్పుకున్నాను.

హైటెక్_హరిత
ఐకియా కథ ఇక్కడ చెప్పాలి. ఏళ్ళ తరబడి వాళ్ళ కాటలాగు, ధర బోర్డులు అన్నీ ఫ్యూచురా ఆధారంగా చేయించుకున్న టైపులో ఉండేవి. 2009లో తీసేసి వెర్డానా పెట్టారు. కాగితం మీదా వెబ్‌లోనూ ఒకటే ఉండాలి, ఎక్కువ భాషలకి పనికిరావాలి అన్నది కారణం. వెర్డానా చిన్న అక్షరాలు తెర మీద చదవడానికి చేసింది, దాన్ని నిలువెత్తు బోర్డు మీద పెట్టేసరికి డిజైనర్లు గగ్గోలు పెట్టారు. 2018 ఆగస్టులో మన హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి ఐకియా తెరిచేనాటికి వెర్డానాయే నడుస్తోంది. 2019లో మళ్ళీ మార్చి గూగుల్ వాళ్ళ నోటో ఫాంటుకి వెళ్ళారు. నోటో కుటుంబంలో తెలుగూ ఉంది.

అంటే ఫ్యూచురా అంత అందమైనది కూడా కొన్ని లిపుల దగ్గరే ఆగిపోతే ఈ రోజుల్లో కంపెనీలకి చాలడం లేదు. గీతలుగారి మూడో ప్రశ్నకి ఎవరూ రాలేదు, అదే నాకూ కావాలి.

డిజైన్_కుర్రాడు
తెలుగుని కూడా మొనలతో గీస్తే? నేను ప్రయత్నిస్తున్నాను, గుండ్రాలన్నీ తీసేసి త్రికోణాలు, చతురస్రాలు పెట్టి. పేరుకి అదిరిపోతుంది.

తలకట్టు
ఇక్కడ నేను గట్టిగా అడ్డం పడతాను. తెలుగు అక్షరాలు చాలావాటికి ఒళ్ళు దాదాపు ఒకటే. ప, వ, మ, య లని వేరు చేసేవి చిన్న చిన్న సున్నాలూ తలకట్టు ఎక్కడ తగులుతుందన్నదీ. ధ కింద గీత, ఠ లోపల చుక్క, అంతటి చిన్నవాటి మీద చదువు నడుస్తుంది. గుండ్రాలు తీసేసి కోణాలు పెడితే ఆ చిన్న తేడాలు ముందు చచ్చిపోతాయి. ఇంగ్లీషు ఏ నిజంగానే త్రికోణం నుంచి వస్తుంది, రెన్నర్ దాన్ని లాక్కొచ్చి పెట్టలేదు. తెలుగు అకి త్రికోణం ఎక్కడుంది? ఒక సినిమా టైటిల్‌కి, ఒక పోస్టరుకి గీసుకో తమ్ముడూ, నేనూ చూసి మెచ్చుకుంటాను. ఊళ్ళోవాళ్ళు రోజూ చదివే బోర్డుకి వద్దు.

డిజైన్_కుర్రాడు
బోర్డు అంటే రెండు ముక్కలే కదా అన్నా. చదవలేకపోవడానికి అదేమైనా వ్యాసమా? కొత్త రూపాలు గీయకపోతే తెలుగు ఎప్పటికీ ఆ నాలుగు ఫాంట్ల దగ్గరే ఉంటుంది.

తలకట్టు
గీయమనే అంటున్నాను. కానీ ఇంగ్లీషు పక్కన నిలబెట్టడానికి దాని వేషం వేయించకు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళలా కనబడాలంటే మూడు కలపాలి. మందం, రంగు, ఎత్తు. ఆకారం కలపక్కర్లేదు.

మందం ముందు. ఫ్యూచురా మీడియంలో గీత ఇంచుమించు ఒకే మందం. దాని పక్కన లావు సన్నాలు మారే తెలుగు పెడితే తగవు. అనెక్ తెలుగు చూడండి, ఎక్ టైప్ వాళ్ళది, ఉచితం. వేరియబుల్ ఫాంటు కాబట్టి మందం, వెడల్పు జారుడు మీటలా జరుపుకోవచ్చు. ఫ్యూచురా గీత మందానికి కలిసే దాకా జరపండి. నోటో సాన్స్ తెలుగులోనూ ఆ వీలుంది. మండలి బాగానే ఉంటుంది కానీ ఒక్కటే వెయిట్, అంటే ఒక్కటే మందం. రామభద్ర లావు శీర్షికలకి, దీని పక్కన అరుస్తుంది.

రంగు అంటే సిరా రంగు కాదు, కళ్ళు చికిలించి చూస్తే రెండు వరసలూ ఒకే బూడిదలో కనబడటం. తెలుగులో ఒత్తులూ గుణింతాలూ దట్టంగా ఉంటాయి కాబట్టి ఒకే మందం పెట్టినా తెలుగు నల్లగా కనిపిస్తుంది. ఒక మెట్టు పలచన చేయండి.

ఎత్తు దగ్గర చాలామంది పొరపడతారు. ఇంగ్లీషు పెద్దక్షరాల ఎత్తుకి తెలుగు గుడి పైకొన నుంచి ఒత్తు అడుగు దాకా కుదించి ఇరికిస్తారు. అప్పుడు అసలు అక్షరం సగం అయిపోతుంది, తెలుగు చిన్నబోతుంది. అక్షరం ఒళ్ళుని, అంటే క, ర, న ల మధ్య భాగాన్ని, పెద్దక్షరం ఎత్తుకి కాస్త తక్కువలో పెట్టండి. గుడీ ఒత్తులూ పైకీ కిందకీ స్వేచ్ఛగా పోనివ్వండి, వరసల మధ్య ఖాళీ దానికి తగ్గట్టు పెంచండి.

హైటెక్_హరిత
ఇది సేవ్ చేసుకుంటున్నాను.

నల్గొండ_ప్లాటర్
తలకట్టు అన్నా, ఫ్యూచురా పెద్దక్షరాలు దూరం దూరంగా పెడితే బాగుంటుందని ట్రాకింగ్ పెంచుతాను. కింద తెలుగుకీ అంతే పెంచాలా?

తలకట్టు
అస్సలు వద్దు. పెద్దక్షరాలు ఒక్కొక్కటీ విడిగా నిలబడేవి, వాటికి గాలి కావాలి. తెలుగుకి అంత చాలా ఎక్కువ, పదం విడిపోతుంది. పైగా నువ్వు యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లలో కొడుతుంటే ఇంకా ప్రమాదం. అందులో గుణింతం గుర్తులు, ఒత్తులు వేరే వేరే ముక్కలుగా ఉంటాయి, ట్రాకింగ్ పెంచితే ఒత్తు ఒకచోట అక్షరం ఒకచోట పోతాయి. యూనికోడ్ ఫాంటులో కొట్టు, వెడల్పు సరిపోకపోతే సైజు మార్చు.

వెక్టర్_వేణు
ట్రాకింగ్ మాట వచ్చింది కాబట్టి. ఏ, వీ పక్కపక్కన వస్తే ఎదురెదురు అంచుల వాలు ఒకే వైపు ఉంటుంది, ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోతాయి. కానీ ఎల్ పక్కన ఏ వస్తే పెద్ద గొయ్యి పడుతుంది. ఫాంటులో కెర్నింగ్, అంటే జత అక్షరాల మధ్య దూరం సరిచేసే ఏర్పాటు, ఉన్నా 12 అంగుళాల సైజులో చాలదు. కర్వ్స్ చేసే ముందు చేత్తో ఒక్కో జతా సరిచేయాలి. ప్రింటు తీసి తలకిందులుగా పెట్టి చూస్తే ఖాళీలు బాగా తెలుస్తాయి, ఎందుకంటే అప్పుడు చదవడం ఆగి చూడటం మొదలవుతుంది.

పాత_కంపోజింగ్
మేం సీసం అక్షరాలు ఎప్పుడూ తలకిందులుగానే చదివేవాళ్ళం వేణూ. ఇప్పటికీ నాకు పేపరు తిప్పి పట్టుకున్నా చదవడం వచ్చేస్తుంది :)

వంపు_వందన
లైసెన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1927 నాటిది కదా ఫ్రీ అనుకుని ఎక్కడెక్కడి నుంచో దించుకుంటున్నారు. బొమ్మ పాతదే, ఫాంటు ఫైలు మాత్రం కంపెనీలది. 2020లో మోనోటైప్ ఫ్యూచురా నౌ అని 102 స్టైళ్ళతో కొత్త కుటుంబం తెచ్చింది. క్లయింటు లోగోకి వాడితే కొనాల్సిందే, ఆ ఖర్చు బిల్లులో పెట్టాల్సిందే.

అక్షరయాత్ర
వందనగారు కరెక్టు. డబ్బులు లేనివాళ్ళకి జోస్ట్ ఉంది, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది, ఓపెన్ లైసెన్సు. 1920ల జర్మన్ టైపుల నుంచి ప్రేరణ తీసుకున్నది, తొమ్మిది వెయిట్లు, ఇటాలిక్కులు కూడా. పేరు కూడా బావర్‌లో కళా దర్శకుడుగా ఉన్న హైన్రిక్ యోస్ట్ మీద పెట్టారు. ఎంఎస్ ఆఫీసుతో వచ్చే ట్వంటీయెత్ సెంచరీ కూడా ఆ బంధువే, 1937లో అమెరికాలో మోనోటైప్ వాళ్ళు ఫ్యూచురాకి పోటీగా చేయించింది. ఫాంట్ల లిస్టులో టీడబ్ల్యూ సెన్ ఎంటీ అని ఉంటుంది.

కోనసీమ_కర్వ్
పాపిన్స్ వాడొచ్చా? అందరూ అదే వాడుతున్నారు.

తలకట్టు
పాపిన్స్ మంచిదే, ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్ళు చేసింది. దేవనాగరి, ఇంగ్లీషు రెండూ జ్యామితితో గీసి కలిపారు. కానీ తెలుగు లేదు. ఆ పనే తెలుగుకి ఎవరైనా మనసుపెట్టి చేస్తే ఈ థ్రెడ్‌లో సగం బాధలు తీరతాయి. చూడు డిజైన్_కుర్రాడూ, నీ ఓపిక అక్కడ పెట్టు. గుండ్రాన్ని చంపకుండా జ్యామితి తెచ్చే తెలుగు. వృత్తం తెలుగు సొత్తే కదా.

డిజైన్_కుర్రాడు
అన్నా, నేను గీసినవి పంపితే చూస్తారా? ప, వ, మ, య ముందు మొదలుపెడతాను.

తలకట్టు
తప్పకుండా పంపు. వాటితోపాటు క్ష, స్త్రీ, జ్ఞ కూడా గీయి. సులువైన అక్షరాల మీద అందరి పద్ధతీ నిలబడుతుంది, ఒత్తుల దగ్గరే తేలుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్_వాణి
నాకు ఫ్యూచురా పెద్దక్షరాలు అన్నింటికంటే నిండుగా కనిపించేది చంద్రుడి మీద. 1969లో అపోలో 11 దించిన వాహనం కాలి నిచ్చెనకి బిగించిన స్టీలు పలకలో మాటలు ఫ్యూచురాలోనే ఉన్నాయి. మనుషులందరి తరఫునా శాంతితో వచ్చామని అంత పెద్ద మాట అంత సాదా అక్షరాల్లో. తన దేశంలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి గీసిన టైపు అక్కడికి చేరింది. రెన్నర్ 1956లోనే పోయాడు, చూడలేదు.

హైటెక్_హరిత
వాణిగారూ, ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను.

బెజవాడ_గీతలు
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న ఓనరుగారికి రెండు ప్రింట్లు తీసి చూపించాను. ఒకటి మొనలు కోసింది, ఒకటి కోయనిది, ఏది ఏదో చెప్పకుండా గోడకి అంటించి రోడ్డు అవతల నుంచి చూడమన్నాను. కోయనిదే సమంగా ఉందన్నారు. తర్వాత స్కేలు తీసుకుని మళ్ళీ కొలిచి, "ఇదెలా?" అని చాలాసేపు అడిగారు. ఇప్పుడు ఏ, ఎన్, వీ కొత్తగా చేయిస్తున్నాం, రమణగారు చెప్పినట్టు మొన ఎత్తు ఉంచి కొన మాత్రం మొద్దు చేసి. తెలుగుకి అనెక్ పెట్టాను, ఒక మెట్టు పలచగా. కింద ఒత్తు దిగడానికి చోటు చాలక బోర్డు ఎత్తు కొంచెం పెంచాం.

ఒక్క సందేహం రమణగారూ. ఈసారి షాపువాళ్ళు మళ్ళీ "సరిచేయకుండా" ఉండాలంటే ఫైలులో ఏం పెట్టాలి?

స్టీల్_రమణ
కర్వ్స్ చేసిన ఫైలుతోపాటు ఒక పీడీఎఫ్ పంపండి. అందులో పై గీత, కింద గీత ఎర్రగా గీసి, ఏ, వీ, ఎన్, ఓ ఎంతెంత దాటుతున్నాయో మిల్లీమీటర్లలో రాయండి. పక్కన తెలుగులో "ఈ అక్షరాలు గీత దాటాలి, కోయవద్దు" అని పెద్దగా పెట్టండి. కోసే కుర్రాడు ఫైలు తెరిచి చూస్తాడో లేదో కానీ మిషను పక్కన అంటించిన కాగితం మాత్రం చూస్తాడు. ముందు ఒక్క ఏ చేయించుకుని చూసి, అది నచ్చాకే మిగతావాటికి అడ్వాన్సు ఇవ్వండి.